ముందుకొచ్చి చెప్పు

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున, ఇప్పచెట్ల మీద ఒక కొండముచ్చుల గుంపు ఉండేది. ఆ గుంపుకు పెద్ద బూడిదమ్మ. ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో, ఎండాకాలంలో నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో అన్నీ ఆ అవ్వకే తెలుసు.

కొండముచ్చులకు ఒక ఆచారం ఉంది. పొద్దు వాలగానే అందరూ పేలు చూసుకుంటారు. ఒకరు ముందు కూర్చుంటారు. ఇంకొకరు వెనక కూర్చుని, పేలు చూస్తూ కబుర్లు చెబుతారు. నవ్వకండి! మీ అమ్మ మీకు జడ వేస్తూ కబుర్లు చెప్పదూ? ఏ చెట్టు పండిందో, చిరుత ఎటు తిరుగుతోందో గుంపుకు ఆ వేళే తెలిసేది.

కొన్నేళ్ళకు బూడిదమ్మకు వినికిడి తగ్గింది. వెనక నుంచి వచ్చే మాట అసలు అందడం లేదు. మొదటిసారి "గాలి హోరు ఎక్కువగా ఉందివాళ" అనుకుంది. రెండోసారి "ఈ చిలకల గోల ఒకటి!" అని విసుక్కుంది. మూడోసారి గాలీ లేదు, చిలకలూ లేవు. అప్పుడు సంగతి అర్థమైంది.

"చెవిటిదాన్నని తెలిస్తే నా మాట ఎవరు వింటారు? చెప్పను గాక చెప్పను" అనుకుంది. ఆ రోజు నుంచి ఎవరేం చెప్పినా తల ఊపి, "మంచిదే, మంచిదే" అనడం మొదలుపెట్టింది.

ఒక సాయంత్రం కూతురు కుంకుడు వెనక కూర్చుని బాధగా చెప్పింది. "అమ్మా, నా చంటిది కొమ్మ మీంచి పడిందే. కాలు వాచిపోయింది."

"మంచిదే, మంచిదే" అంది బూడిదమ్మ నవ్వుతూ.

కుంకుడు మనసు చివుక్కుమంది. "అమ్మకు మన గోడు పట్టదు" అని అందరితో చెప్పింది. ఇక అందరూ అవ్వకు కబుర్లు చెప్పడం మానేశారు. అవ్వ కూడా పేలు చూసుకునే వేళకు దూరపు కొమ్మకు పోయి ఒంటరిగా కూర్చునేది. పాపం, ఎవరూ చెడ్డవాళ్ళు కారు. అయినా అవ్వ ఒంటరిదైపోయింది.

నెలలు గడిచాయి. బూడిదమ్మ మనవల పేర్లు తారుమారు చేసింది. తర్వాత పడుకునే చెట్టుకు దారి తప్పింది. పిల్లలు మొదట నవ్వారు, తర్వాత భయపడ్డారు.

అంతలో ఎండలు ముదిరాయి. వాగు ఎండిపోయి ఒక్క మడుగు మిగిలింది. అదీ రోజురోజుకూ ఇంకిపోతోంది. కుంకుడు తల్లి చెవి దగ్గర గట్టిగా అరిచి అడిగింది.

"అమ్మా! వెనకటి కరువులో ఇసుక తవ్వి నీళ్ళు తీశావట! ఆ చెలమ ఎక్కడే?"

బూడిదమ్మ చాలాసేపు ఆలోచించింది. "రాళ్ళు... రాళ్ళుండేవి..." అంది. అంతకు మించి గుర్తుకు రాలేదు. రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది.

"అమ్మకు మతి పోయింది" అని కుంకుడూ ఏడ్చింది. చంటిదానికి నాలుక పిడచకట్టుకుపోతోంది మరి.

ఆ చెట్టు కిందే మేస్తున్న ముసలి చుక్కల దుప్పి పారిజాతం ఇదంతా చూసింది. బూడిదమ్మకు చిన్ననాటి నేస్తం అది. "మతి పోవడం కాదు కుంకుడూ! మీ అమ్మకు మాట అందడం లేదు. నేను వెనక నుంచి పిలిస్తే పలకదు, ఎదురుగా నిలబడితే పలుకుతుంది. మాట అందని మనసుకు పనేముంటుంది చెప్పు? ఎవరూ నడవని బాటలో గడ్డి మొలవదూ?"

"మరి మాతో ఎందుకు చెప్పలేదు అత్తా?"

"సిగ్గు!" అంది పారిజాతం. తర్వాత అవ్వను కిందికి రమ్మని సైగ చేసి, ఎదురుగా నిలబడి నెమ్మదిగా అంది. "వదినా, నాకు దూరం ఆనదు. చిరుతను నువ్వు చూసి అరిస్తేనే నేను బతికాను. అందుకు నేనెప్పుడైనా సిగ్గుపడ్డానా?"

బూడిదమ్మ తలదించుకుంది. చివరికి కూతురి వైపు తిరిగి, "నాకు వినపడటం లేదే తల్లీ. చాన్నాళ్ళుగా వినపడటం లేదు" అంది.

ఆ సాయంత్రం కుంకుడు తల్లి వెనక కూర్చోలేదు. ముందుకొచ్చి కూర్చుంది. మొదట తల్లి చేతిని తాకింది. తర్వాత మొహంలోకి చూస్తూ, ఒక్కో మాటా విడమరచి చెప్పింది. చంటిది పడ్డ సంగతి మళ్ళీ చెప్పింది. బూడిదమ్మ ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని, "అయ్యో, నేనేమన్నానే ఆ రోజు!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

మర్నాడూ అలాగే. ఆ మర్నాడూ అలాగే. అవ్వ ప్రశ్నలు అడగసాగింది, కథలు చెప్పసాగింది. మడుగు మాత్రం దోసెడు నీళ్ళకు వచ్చింది.

ఒక సాయంత్రం కుంకుడు, "చంటిది ఇవాళ నేరేడు చెట్టెక్కిందే!" అంది. పేలు చూస్తున్న బూడిదమ్మ చెయ్యి ఆగిపోయింది.

"నేరేడు... కుందేలు చెవుల్లాంటి రెండు రాళ్ళు, వాటి వెనక నేరేడు చెట్టు. దాని వేరు పక్కనే తవ్వాను!"

అందరూ పరుగెత్తారు. కొండముచ్చులు చేతులతో, పారిజాతం మందలోని దుప్పులు గిట్టలతో ఇసుక తవ్వారు. తడి తగిలింది. కాసేపటికి నీళ్ళు ఊరాయి. మొదటి గుక్క చంటిదే తాగింది.

పోయినవన్నీ అవ్వకు తిరిగి రాలేదు. కొందరు మనవల పేర్ల దగ్గర ఇప్పటికీ తడబడుతుంది. కానీ చంటిది వెనక నుంచి ఏదో అంటే ఇప్పుడు "మంచిదే" అనదు. వెంటనే తిరిగి, "వినపడలేదురా బంగారం, ముందుకొచ్చి చెప్పు" అంటుంది.

చంటిది ముందుకొచ్చి, అవ్వ చెయ్యి పట్టుకుని మళ్ళీ చెబుతుంది.

నీతి: వినపడకపోతే దాచుకోవద్దు, వినపడనివారికి చెప్పడం మానవద్దు. మాట ఆగిపోతే మరపు తొందరగా వస్తుంది.