బాలమణితో సరితూగే బెల్లం

ఈ వృత్తాంతానికి నేను ప్రత్యక్షసాక్షిని కాను. నాకు చెప్పినది మా అమ్మ బాలమణి. ఇది జరిగిననాటికి ఆవిడకు సరిగ్గా మూడేళ్ళు. కనుక తనకు గుర్తున్నది బెల్లం రుచి ఒక్కటేననీ, తక్కినదంతా తన నాయనమ్మ ఎల్లవ్వ నోట విన్నదేననీ ఆవిడే ఒప్పుకుంది. ఎల్లవ్వ దీనిని తమ ఇంటి తెలివికి నిదర్శనంగా చెప్పేదట. ఆ వంశంలో పుట్టిన నేనూ పెళ్ళయ్యేదాకా అలాగే నమ్మాను. మా ఆవిడ విని పొట్ట పట్టుకుని నవ్వినప్పుడు గానీ నాకు అనుమానం రాలేదు.

అన్నది అన్నట్టు చేయడమే తెలివి అని మా తాత ఐలయ్య సిద్ధాంతం. "పాలు పొయ్యిమీదున్నయి, చూస్తుండు" అని భార్య కొమురమ్మ చెబితే, అవి పొంగి ఆఖరి చుక్క పొయ్యిలో పడేదాకా రెప్ప వేయకుండా చూసినవాడు అతడు. కొమురమ్మ వచ్చి ఖాళీ గిన్నె చూసి, "పోనీ, చెప్పిన పని చేసినవు" అని మెచ్చుకుంది. అది ఆ ఇంటి తీరు.

బాలమణి పుట్టినప్పుడు పిట్టంత ఉండేది. దక్కదన్నారు. అప్పుడు ఎల్లవ్వ గుట్టమ్మకు మొక్కుకుంది: "తల్లీ, పిల్లకు మూడేళ్ళు నిండిననాడు, పొద్దు నడినెత్తికి రాకముందే, దానితోని సరితూగే బెల్లం నీకిస్తం. ఇసుమంత ఎక్కువ గాదు, ఇసుమంత తక్కువ గాదు."

పిల్ల దక్కింది. దక్కడమే కాదు, నోరూ వచ్చింది, పట్టుదలా వచ్చింది. చెప్పులు తనే వేసుకోవాలి, ఎడమది కుడికాలికైనా సరే. అన్నం తనే కలుపుకోవాలి, సగం నేలపాలైనా సరే. ఎవరు చేయబోయినా "నేనే!" అనేది. ఐలయ్య ఆ మాటను ఊరంతా తిరిగి చెప్పి మురిసేవాడు. మొక్కు తప్పితే ఆ గొంతు మళ్ళీ వినబడదేమోనని లోలోపల వణికేవాడు కూడా.

పుట్టినరోజు రానే వచ్చింది. పిల్లకు ఎర్రగౌను తొడిగి, బెల్లం బండికెత్తి, అందరూ గుట్టమ్మ గుడికి చేరారు. గుడి ముందు దూలానికి పెద్ద త్రాసు. ఒక తట్టలో బాలమణి, ఇంకొక తట్టలో బెల్లం. బెల్లం తట్ట రెండు వేళ్ళు కిందికి దిగింది.

"ఒక ముద్ద తీసేస్తే సరిపోతుంది," అన్నాడు పూజారి.

ఎల్లవ్వ కస్సుమంది. "అమ్మకు వెట్టినది మళ్ళ తీసుకుంటరా అయ్యా? మాకు ఆమాత్రం తెల్వదా?"

"అయితే పిల్లే బరువు గావాలె," అని తేల్చాడు ఐలయ్య.

అంతే. కొమురమ్మ అరటిపండు ఒలిచింది. పిల్ల మూతి తిప్పుకుంది. "నాకొద్దు! బెల్లం గావాలె. నేనే తీసుకుంట!"

"మనం తీయొద్దు గని, అది తీస్తే తప్పులేదు. మొక్కు దానిదే గద," అంది ఎల్లవ్వ.

ఐలయ్య బెల్లం తట్టను పిల్ల దగ్గరికి లాగి పట్టుకున్నాడు. పిల్ల కొరికింది, చప్పరించింది, ఇంకో ముక్క విరిచి గౌను జేబులో కుక్కింది. ఇంకేముంది! అటు తగ్గె, ఇటు పెరిగె. ఇప్పుడు పిల్ల తట్ట నాలుగు వేళ్ళు దిగింది.

"జేబు ఖాళీ చేయించండి," అన్నాడు పూజారి.

"నాది! నేనియ్య!" అంది పిల్ల.

"పుట్టినరోజు పూట పిల్లమాట కాదంటమా?" అన్నాడు ఐలయ్య. వెంటనే మంగలిని పిలిచి పుట్టువెంట్రుకలు తీయించాడు. గుండైంది గానీ ముల్లు కదల్లేదు.

"ఏడిపిస్తే కన్నీళ్ళు కారి తేలికైతది," అని ఉపాయం చెప్పింది కొమురమ్మ. ఐలయ్య కళ్ళెర్రజేసి కూతురి వంక చూశాడు. ఆ బోడిగుండు, బెల్లం అంటిన బుగ్గలు చూసేసరికి తనకే ఏడుపొచ్చింది. తండ్రి ఏడుస్తుంటే పిల్ల పకపకా నవ్వింది. ఆపైన తట్ట దిగి నిలబడింది. "నాయినా, నువ్వెక్కు. నువ్వెక్కితేనే నేనెక్కుత."

పొద్దు నెత్తిమీదికి వస్తోంది. ఐలయ్య తట్టలో కూర్చుని పిల్లను ఒళ్ళో పెట్టుకున్నాడు. తట్ట దబ్బున నేలను తాకింది. బెల్లం ఆకాశానికి లేచింది.

"నేనున్నగా!" అని కొమురమ్మ బెల్లం మీదికి ఎక్కింది. ముల్లు ఊగింది, ఊగింది, నడిమధ్యన నిలిచింది. వెంట్రుకవాసి తేడా లేదు. అప్పుడే గుడిలో మధ్యాహ్నపు గంట కొట్టారు.

"మొక్కు చెల్లింది! ఇక దిగండమ్మా," అని పూజారి ఊపిరి పీల్చుకున్నాడు.

కొమురమ్మ దిగలేదు. "ఎట్ల దిగుత? నేనున్నది అమ్మ తట్టల. బెల్లంతోపాటు నేను గూడ అమ్మకే."

ఐలయ్య తలూపాడు. "నిజమేనే. మొక్కు మొక్కే. పైలంగ ఉండు."

"అమ్మ నాది!" అని బాలమణి గుట్ట అదిరేలా కేక పెట్టింది.

పూజారి తల పట్టుకున్నాడు. ఆలోచించి, ఆలోచించి, "నాయనా, అమ్మవారికి పెట్టినదాంట్లో కొంత ప్రసాదంగా తిరిగిస్తాం. ఈమెను మీకు ప్రసాదంగా ఇస్తున్నాను, తీసుకుపొండి," అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. అలవాటు కొద్దీ, "ఇంట్లో దాచుకోకుండా ఊళ్ళో అందరికీ పంచండి," అని కూడా అన్నాడు.

ఊళ్ళో నలభై ఇళ్ళు. మనిషిని ముక్కలు చేయలేరు కనుక, ఐలయ్య కొమురమ్మను రోజుకో ఇంటికి పంచాడు. ఆమె ప్రతి ఇంటా కళ్ళకద్దించుకుని, ఆ పూట తిని, మరునాడు పక్కింటికి వెళ్ళేది. బాలమణి కొంగు పట్టుకుని వెంట తిరిగింది. నలభయ్యవనాడు సొంతింటి వంతు వచ్చింది. ఆ మర్నాడు ఐలయ్య చీరల మూట చేతికిచ్చి, "మన వంతు అయిపోయిందే. ఇంక పక్కూరికి పంచాలె," అన్నాడు.

బాలమణి గడపకు అడ్డంగా చేతులు చాచింది. "నా వంతు కాలే!"

ఐలయ్య ఆలోచనలో పడ్డాడు. ఇళ్ళకు పంచాడు గానీ పిల్లకు వేరే పంచలేదు. అదీ నిజమే. మూట కింద పెట్టాడు.

ఆ తరువాత పూజారి, మొక్కులవాళ్ళు వస్తే ముందు ఏ ఊరని అడగడం మొదలుపెట్టాడు. ఎల్లవ్వ తొంభైయేళ్ళు బతికి, ముల్లు నడుమ నిలిచిన సంగతి చెబుతూనే కన్నుమూసింది. బాలమణి తన పెళ్ళికొడుకును కూడా "నేనే" అని తనే ఎంచుకుంది. ఐలయ్య మాత్రం ఏటా కూతురి పుట్టినరోజున మూట సర్ది, "బిడ్డా, నీ వంతు అయిందా?" అని అడిగేవాడు. ఆమె అత్తవారింటికి వెళ్ళాక ఉత్తరం రాయించి అడిగేవాడు. "కాలేదు నాయినా" అని ఆవిడ తిరుగుటపాలో రాసేది. ఆ జవాబు అందేదాకా కొమురమ్మ మూట విప్పకుండా వాకిట్లో కూర్చునేదట.