బంగారి మేత, త్రిమూర్తులు మొహమాటం

మండపేటలో ఒక బియ్యం మిల్లులో కాటా దగ్గర పనిచేసే త్రిమూర్తులు, ఎవరు ఏది అడిగినా, ఏది ఇచ్చినా కాదనలేని మొహమాటస్తుడు. మంగలి కత్తెర చెవి పైదాకా పోతున్నా "చాలు" అనలేకపోయేవాడు. బస్సులో తన సీటు ఇంకొకరికి ఇచ్చేసి, ఆ కూర్చున్నవాడి సంచీ కూడా తనే పట్టుకుని నిలబడేవాడు. అందరూ అతన్ని మంచివాడు అనేవారు. అతనూ అదే మంచితనం అనుకునేవాడు.

అతని అత్తగారు అచ్చాయమ్మ కూడా ఆ ఇంట్లోనే ఉండేది. ఆమెకు మొహమాటం అంటే ఏమిటో తెలియదు. ఆమె పెంచే పెట్టకోడి పేరు బంగారి. పిల్లగా ఉన్నప్పుడు గద్ద తన్నుకుపోతూ జారవిడిస్తే, ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని బతికించింది. ప్రాణం నిలిచింది గాని, ఎదిగినకొద్దీ దాని మెడ కింద ఉండే మేత సంచి సాగిపోయింది. తిన్నది అందులోంచి ఒక పట్టాన కిందికి దిగేది కాదు. కాస్త ఎక్కువ తిన్నా, మెత్తటి అన్నం తిన్నా అక్కడే పులిసిపోయేది. మెడ కింద నిమ్మకాయంత ఉబ్బు వచ్చేది. నోటినుంచి పుల్లటి వాసన వేసేది. బంగారి ఒక మూల కళ్ళు మూసుకుని కూర్చునేది.

అది ఒకసారి మందు వేస్తే పోయే జబ్బు కాదు. రోజూ కనిపెట్టి ఉండవలసిన జబ్బు. అచ్చాయమ్మ తెల్లవారగానే ముందు దాని మెడ కింద తడిమి చూసేది. సంచి ఖాళీగా ఉంటే గుప్పెడు చోళ్ళు, అంటే రాగులు. ఇంకా గట్టిగా ఉంటే ఉత్త మంచినీళ్ళు. సాయంత్రం గుప్పెడు నూకలు. పక్కన ఒక చిప్పలో సన్నటి గులకరాళ్ళు. పళ్ళు లేని పక్షికి అవే పళ్ళు. అంతకుమించి ఒక్క మెతుకు కూడా వేయనిచ్చేది కాదు. అలా ఆ కోడి ఏళ్ళ తరబడి బతికింది.

ఆమె చిన్నకూతురికి రెండో పురుడు రావడంతో, అచ్చాయమ్మ పెద్దకూతుర్ని, అంటే త్రిమూర్తులు భార్యను, తోడు తీసుకుని పిఠాపురం వెళ్ళవలసి వచ్చింది. బయలుదేరేముందు అల్లుణ్ణి పిలిచింది.

"అల్లుడుగారూ, బంగారిని మీ చేతుల్లో పెడుతున్నాను. ఎవరేం ఇచ్చినా దీనికి పెట్టకండి. వద్దని చెప్పగలరా?"

"తప్పకుండా అత్తయ్యగారూ," అన్నాడు త్రిమూర్తులు. ఆమెకు కూడా కాదు అని చెప్పలేకపోయాడు మరి.

వాళ్ళున్నది నాలుగు వాటాల ఇల్లు. వెనక పెరడు అందరికీ ఒకటే. ఆటో సందు మలుపు తిరిగిందో లేదో పక్క వాటా సీతారత్నం గిన్నెతో వచ్చింది.

"తమ్ముడుగారూ, ఇన్నాళ్ళకి ఆ మూగజీవి కడుపు నిండే రోజొచ్చింది. మీ అత్తగారు దానికి గింజలు గీసి గీసి వేసేవారు. ఇదిగో, పెరుగన్నం తెచ్చాను."

త్రిమూర్తులు గుండె దిటవు చేసుకున్నాడు. "ఎందుకండీ మీకు శ్రమ," అన్నాడు. జన్మలో అతను కాదనడం అంటూ ఉంటే అదే.

"శ్రమేముంది," అని ఆవిడ గిన్నె చేతిలో పెట్టేసింది. బంగారి మెతుకు మిగల్చకుండా తినేసింది.

ఇక గిన్నె తిరిగి ఇవ్వాలి. పొరుగింటి గిన్నె ఖాళీగా పంపకూడదని ఆ ఇళ్ళల్లో పట్టింపు. త్రిమూర్తులు అందులో ఒక బెల్లం ముక్క వేసి పంపాడు. మర్నాడు అదే గిన్నెలో ఉప్మా వచ్చింది. అతను అరటిపండు వేసి పంపాడు. ఆ మర్నాడు పులిహోర వచ్చింది. చివరి వాటాలో ఉండే గవర్రాజు ఇది చూశాడు. ఆయన లారీ నడపడం మానేసి ఇంటిపట్టున ఉంటున్న పెద్దమనిషి. తను మాత్రం ఎందుకు వెనకపడాలని చిలగడదుంపలు ఉడకేసి తెచ్చాడు. ఇప్పుడు రెండు గిన్నెలయ్యాయి.

బంగారి మెడ కింద ఉబ్బు లేచింది. త్రిమూర్తులుకు భయం వేసింది. పొరుగువాళ్ళను వద్దనడం కన్నా, తెచ్చినది తనే తినేయడం తేలిక అనుకున్నాడు. కాని వాళ్ళు గిన్నె ఇచ్చి ఊరుకునేవాళ్ళు కాదు.

"పెట్టండి. అది తింటుంటే చూడాలని ఉంది," అనేది సీతారత్నం.

అందుకని వాళ్ళు చూస్తుండగా సగం కోడికి పెట్టేవాడు. వాళ్ళు అటు తిరగగానే మిగతా సగం తను తినేవాడు. తవుడు కలిపిన పెరుగన్నం తిన్నాడు. కోడికోసం చిదిమిన దుంప తిన్నాడు. పాపం, అతని పొట్ట ఏం చేసింది? అది కూడా ఉబ్బింది.

గవర్రాజు ఒకనాడు సోడా సీసాతో వచ్చి బంగారిని ఎగాదిగా చూశాడు. "ఏవోయ్ త్రిమూర్తులూ, దీనికి గాలి పట్టేసింది. గోలీసోడా పోస్తే త్రేన్చి తేలిక పడుతుంది. మా లారీ క్లీనర్లందరికీ నేను ఇదే వైద్యం."

"కోడికి సోడా ఏమిటి బాబాయ్," అందామనుకున్నాడు త్రిమూర్తులు. "మీరు ఎండనపడి తెచ్చారు," అని మాత్రం అన్నాడు. ఒక చెంచాడు కోడి నోట్లో పోశాడు. మిగతా సీసా తను తాగాడు. కోడి తుమ్మింది. త్రిమూర్తులు త్రేన్చాడు. గవర్రాజు తృప్తిగా తల ఊపి, ఇక రోజూ తెస్తానన్నాడు.

ఒక ఉదయం గంప ఎత్తితే బంగారి బయటికి రాలేదు. తురాయి నల్లబడింది. మెడ నేలకు వాలిపోయింది. త్రిమూర్తులు దాన్ని సంచిలో పెట్టుకుని, సైకిలెక్కి పశువుల ఆసుపత్రికి పరుగెత్తాడు. తొక్కుతున్నంతసేపూ అతని కళ్ళముందు అత్తగారే ఉన్నారు. గద్ద గోళ్ళలోంచి తప్పించుకున్న ప్రాణం తన చేతుల్లో పోతోంది.

డాక్టరమ్మ కోడి మెడ తడిమి, నోరు వాసన చూసి ముఖం పక్కకు తిప్పుకుంది.

"ఏం పెట్టారు దీనికి?"

"చోళ్ళు, నూకలండి."

"ఇంకా?"

"పెరుగన్నం. ఉప్మా. పులిహోర. చిలగడదుంప," అన్నాడు త్రిమూర్తులు. ఆఖర్న మెల్లగా, "గోలీసోడా," అన్నాడు.

"కోడికి సోడా ఎందుకు పోశారు?"

"మా బాబాయ్ తెచ్చారండి."

"తెస్తే?"

"వద్దంటే ఏమనుకుంటారోనని."

ఆవిడ అతన్ని ఒకసారి తేరిపార చూసింది. "మీరెందుకలా వంగి నిలబడ్డారు?"

"నాకూ కడుపు బాగాలేదండి. అందులో సగం నేను తిన్నాను."

డాక్టరమ్మ నవ్వాపుకోవడానికి మందుల బీరువా వైపు తిరిగింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆమె ముఖంలో నవ్వు లేదు.

"రేపు సాయంత్రందాకా మంచినీళ్ళు తప్ప ఏమీ పెట్టకండి. ఈ మందు చుక్కలుగా వేయండి. మెడ కింద ఇలా మెల్లగా నిమరండి. ఉబ్బు దిగితే బతుకుతుంది. మళ్ళీ ఒక్క మెతుకు లోపలికి పోయిందా, ఇక నేను చేయగలిగింది లేదు. వద్దని చెప్పే పని మీదే. దానికి నా దగ్గర మందు లేదు."

త్రిమూర్తులు ఇంటికి వచ్చేసరికి సీతారత్నం గేటు దగ్గరే ఎదురు చూస్తోంది. ఆ రోజు ఆవిడ మనవడి అన్నప్రాశన. చేతిలో వెండిగిన్నె, అందులో పాయసం.

"మనవడి తరవాత మొదటి ముద్ద బంగారికేనని తీసి ఉంచాను తమ్ముడుగారూ. శుభమా అని తెచ్చాను, కాదనకండి."

త్రిమూర్తులు నోరు తెరిచాడు. "ఎందుకండీ మీకు" అన్నంతవరకు అలవాటుగా వచ్చేసింది. అతను సంచిలోంచి తీసి పట్టుకున్న కోడి గుండె సన్నగా కొట్టుకుంటోంది. అంత నీరసంలోనూ అది గిన్నెవైపు మెడ చాచింది. అతను చటుక్కున దాన్ని వెనక్కి లాక్కున్నాడు.

"వద్దండి," అన్నాడు.

అలవాటు లేని మాట కదా, ఎంత గొంతుతో అనాలో తెలియక గట్టిగా అనేశాడు. గవర్రాజు సోడా సీసాతో సహా బయటికి వచ్చాడు.

"ఇవాళే కాదు, ఇకముందు కూడా దీనికి ఎవరూ ఏమీ పెట్టకండి. తింటే చచ్చిపోతుంది. మొదటిరోజే చెప్పవలసింది. చెప్పలేదు. తప్పు నాది," అన్నాడు త్రిమూర్తులు. తల వంచుకుని, వాళ్ళు తిట్టే తిట్లకోసం నిలబడ్డాడు.

సీతారత్నం గిన్నెమీద మూత పెట్టింది. "ఆ ముక్క అప్పుడే అంటే మీ నోటి ముత్యాలు రాలతాయా? మీరు గిన్నెలో ఏదో ఒకటి వేసి పంపితే, ఉత్త గిన్నె ఉంచుకోలేక నేను రోజూ పొయ్యి దగ్గర చస్తున్నాను. మీకు సరదా కాబోలు అనుకున్నాను."

"నేను మాత్రం? ఈ సోడాకోసం బస్టాండుదాకా నడుస్తున్నాను. నువ్వు ఇష్టంగా తాగుతున్నావు కదా అని," అన్నాడు గవర్రాజు.

ఒక్కరికీ కోపం రాలేదు. ఇద్దరూ బరువు దిగినట్టు ఎవరి వాటాలోకి వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ రోజంతా కోడీ త్రిమూర్తులూ మంచినీళ్ళమీదే ఉన్నారు. అతను ఒక చేత్తో దాని మెడ, ఇంకో చేత్తో తన పొట్ట నిమురుతూ పెరట్లో కూర్చున్నాడు. మర్నాడు సాయంత్రానికి ఉబ్బు దిగింది. బంగారి లేచి నిలబడి, చిప్పలో ఒక గులకరాయిని పొడిచింది. త్రిమూర్తులు కళ్ళు తుడుచుకున్నాడు. సంతోషం పట్టలేక గుప్పెడు చోళ్ళకు ఇంకో గుప్పెడు కలపబోయి, తన చెయ్యి తనే వెనక్కి తీసుకున్నాడు. ఆనాటినుంచి అత్తగారు వచ్చేవరకు తెల్లవారగానే మెడ తడమడం ఒక్క పూట కూడా మానలేదు.

అచ్చాయమ్మ వచ్చింది. చేతి సంచి దించకముందే కోడి మెడ తడిమింది. "ఇది చిక్కిపోయింది," అంది. త్రిమూర్తులు జరిగింది జరిగినట్టు చెప్పాడు, సోడా సంగతితో సహా.

ఆ మధ్యాహ్నం ఆమె గారెలు వండింది. అల్లుడి విస్తట్లో నాలుగు వేసి, ఇంకో రెండు వేయబోయింది. పెళ్ళయినప్పటినుంచి ఆమె వేయడమే గాని, అతను చాలనడం లేదు.

"వద్దండి అత్తయ్యగారూ. చాలు," అన్నాడు త్రిమూర్తులు.

ఆమె చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. గారెలు మళ్ళీ గిన్నెలో పెట్టేసింది.

"ఈసారి ఊరెళ్ళినా బంగారిని మీకే అప్పగిస్తాను," అంది.

కాదనవలసిన చోట కాదనలేకపోవడం మంచితనం అనిపించుకోదు. మన మొహమాటానికి శిక్ష మనల్ని నమ్ముకున్న ప్రాణి అనుభవిస్తుంది కాబట్టి, "వద్దు" అనే మాటను సమయానికి, మర్యాదగా అనడం ప్రతి మనిషీ నేర్చుకోవాలి.