ఏడుమెట్ల బండ కబురు

సన్నేటి ఒడ్డు అడవిలో నీడకు లోటు లేదు, నేరేడు పండ్లకు లోటు లేదు. గడ్డి మాత్రం ఏటికి అవతల ఉంది. రోజూ పొద్దున్నే దుప్పులు, కణుతులనే పెద్ద జింకలు, కుందేళ్ళు రేవు దాటి అవతలి బీడుకు పోయి కడుపు నింపుకుని, పొద్దు వాలేలోగా ఇవతలికి వచ్చేస్తాయి. నడి ఏట్లో కూడా నీళ్ళు మోకాటికి మించవు కాబట్టి ఎండాకాలం దాటడం ఆటే. వానాకాలమే చిక్కు. ఎగువ కొండల్లో వాన పడితే, ఇక్కడ ఎండ కాస్తుండగానే ఏరు ఒక్కసారిగా పొంగుతుంది.

అందుకని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఎగువన ఏటి మధ్యలో ఏడుమెట్ల బండ అని నల్లటి బండ ఒకటుంది. దాని ఒంటి మీద మెట్లలాగా ఏడు అంచులు. అక్కడ పెరిగిన నీరు రేవుకు చేరేసరికి పొద్దు బారెడు పైకెక్కుతుంది. ముగ్గురు వేగులు తెల్లవారుతూనే వెళ్ళి, నీటి పైన ఎన్ని మెట్లు కనిపిస్తున్నాయో చూసి వచ్చి చెప్పాలి. నాలుగూ ఆపైన అయితే దాటొచ్చు. తగ్గితే దాటకూడదు. మాటలో తేడా వస్తే ఇద్దరు చెప్పింది ఖాయం. వేగులకు కష్టానికి ఫలంగా రేవు పక్కనున్న పెద్ద నేరేడు చెట్టు కింద రాలిన పండ్లన్నీ వాళ్ళవే.

ఆ ముగ్గురి మాట విని అడవికి చాటే పని బూడిదమ్మది. బూడిదమ్మ గాడిద. ఆ పని ఆమెకు తెలివి చూసి ఇచ్చింది కాదు, గొంతు చూసి ఇచ్చింది. ఒకసారి ఓండ్ర పెడితే దాటమని, రెండుసార్లు పెడితే ఆగమని. తెలివి చూసి ఇచ్చిన పని కాదని ఆమెకూ తెలుసు. గాడిదను ఎవరూ సలహా అడగరు. ఆమెకు దాని గురించి దిగులేమీ లేదు. చెప్పిన పని సరిగ్గా చేస్తే చాలనుకునే మనిషి, కాదు, జంతువు.

వేగుల్లో పెద్దవాడు తెల్లయ్య అనే ముసలి కొంగ. చూపు మందగించింది. నీటి తళతళలో అడుగు మెట్టు కంటికి ఆనదు కాబట్టి ఎప్పుడూ ఒకటి తక్కువ చెబుతాడు. రెండోవాడు గుంటయ్య అనే నక్క. మాట తేనె, నడక నిదానం. మూడోవాడు ఆ ఏడే కొత్తగా చేరిన నెమలి, రాయుడు. పింఛం మీద బురద చుక్క పడితే ఆ పూట అన్నం సయించదు.

శ్రావణం మొదట్లో ఒకనాడు ముగ్గురూ వచ్చారు.

"ఐదు మెట్లు అక్కా. నీళ్ళు అద్దంలా ఉన్నాయి" అన్నాడు గుంటయ్య.

"ఐదే" అన్నాడు రాయుడు, మెడ సవరించుకుంటూ.

తెల్లయ్య అప్పుడే వచ్చి వాలాడు. రొప్పుతున్నాడు. "నాకు రెండే కనిపించాయమ్మా."

బూడిదమ్మ లెక్క వేసుకుంది. ముసలాయన రెండంటే మూడు. మూడన్నా దాటకూడదు. కానీ కట్టుబాటు కట్టుబాటే, ఇద్దరు ఐదన్నారు. పైగా అవతలి బీడు కళ్ళకు పచ్చగా కొడుతోంది. దుప్పులు రేవులో కాలు పెట్టి నిలబడి ఉన్నాయి. ఆమె ఒక్కసారి ఓండ్ర పెట్టింది.

మంద నడి ఏట్లో ఉండగా నీరు వచ్చింది. పెద్దవి ఎలాగో ఈది బయటపడ్డాయి. చుక్కమ్మ అనే తల్లి దుప్పికి పుట్టిన కూన మాత్రం కాళ్ళు తేలిపోయి కొట్టుకుపోయింది. తల్లి ఒడ్డు వెంట అరుస్తూ పరిగెత్తింది. బూడిదమ్మ కూడా పరిగెత్తింది. రెండు మలుపుల కింద, పడిపోయిన మద్దిచెట్టు కొమ్మల్లో ఇరుక్కుని కూన దొరికింది. ప్రాణం ఉంది. ముందుకాలు విరిగింది.

చుక్కమ్మ కూనను నాకుతూ తల ఎత్తకుండానే అంది. "అరిచింది నువ్వు కదా అక్కా. నీ గొంతు నమ్మి దిగాను."

బూడిదమ్మ కూన చుట్టూ ఉన్న కొమ్మలను పళ్ళతో లాగి పక్కన పడేసింది.

గుంటయ్య మాత్రం అందరికీ జవాబు చెబుతూ తిరిగాడు. "మేం చూసినప్పుడు ఐదే. తర్వాత పొంగితే మేమేం చేస్తాం? ముసలాయన మాట ఆ ఒక్కనాడు తగిలింది, అంతే. ఒంటికాలి మీద నిలబడి కునుకు తీసేవాడి చూపు ఏపాటిదో మీకు తెలీదా?" అందరూ తలలూపారు.

మూడు రోజులు ఏరు ఒడ్డొరుసుకుని పారింది. దాటే ప్రసక్తే లేదు కాబట్టి కబురు అడగాల్సిన పని కూడా లేకపోయింది. బూడిదమ్మ నేరేడు చెట్టు కింద నిలబడి, ఈ వానాకాలం మొదలైన దగ్గర్నించి ఎవరెవరు ఏమేం చెప్పారో ఒక్కొక్క పొద్దూ గుర్తు చేసుకుంది. చెప్పింది చెప్పినట్టు మనసులో పెట్టుకోవడం ఆమెకు అలవాటు. వెతికేకొద్దీ ఒక సంగతి తేలింది. గుంటయ్య మాటా రాయుడి మాటా ఒక్కనాడు కూడా తేడా రాలేదు.

మొదట అది మంచిదేగా అనుకుంది. తర్వాత ఆలోచించింది. నీళ్ళు కదులుతుంటాయి. అల వస్తే మెట్టు మునుగుతుంది, పోతే తేలుతుంది. నిజంగా చూసినవాళ్ళు అప్పుడప్పుడూ మూడనీ నాలుగనీ తగువు పడాలి. పోయిన ఏడు నక్కకూ కొంగకూ రోజూ అదే తగువు. ఈ ఏడు ఈ ఇద్దరి మధ్య ఒక్క తగువు కూడా లేదు. రెండు కళ్ళు చూసిన మాటలా లేదు అది. ఒకే నోట్లోంచి వచ్చిన మాటలా ఉంది.

నాలుగో నాటి మధ్యాహ్నానికి నీరు తీసింది. బూడిదమ్మ ఎవరికీ చెప్పకుండా ఎగువకు నడిచింది. బండకు పోయే కాలిబాట నిండా సాలెగూళ్ళే. ఒకటి తెగ్గానే ఇంకొకటి ముఖానికి అంటుకుంది. పాత గూళ్ళు, ఎండుటాకులు వేలాడుతున్నవి. తెల్లయ్య ఎగిరి వచ్చేవాడు కాబట్టి ఆయనకు బాటతో పని లేదు. మరి మిగతా ఇద్దరూ ఏ దారిన వస్తున్నట్టు?

ఏటి ఒడ్డుకు చేరి చూసింది. ఏడుమెట్ల బండ లేదు. వరద దాని అడుగు కోసేసింది. బండ బోర్లా పడి, మెట్లన్నీ ఇసుకలోకి పోయి, నున్నటి వీపు పైకి తేలి ఉంది. ఆ వీపు మీద పేరుకున్న బురద అప్పుడే ఎండకు ఆరి నెర్రెలివ్వసాగింది.

బూడిదమ్మ చుట్టూ చూసింది, ఒడ్డు బురదలో తన అడుగులు తప్ప ఇంకెవరివీ లేవు. ఈ సంగతి అడవిలో తనకు తప్ప ఎవరికీ తెలియదు. అలాంటప్పుడు వేగులను నిలదీయక్కర్లేదు, రోజూ అడిగే మాట అడిగితే చాలు. అదే దారిన వెనక్కి వచ్చి, ఆ సాయంత్రం నోరు విప్పకుండా గరిక నమిలింది.

మర్నాడు పొద్దున మంద అంతా రేవులో పోగయింది. నాలుగు రోజుల ఆకలి. ఏరు చూస్తే ప్రశాంతంగా ఉంది. ముందుగా వచ్చింది గుంటయ్య.

"ఎన్ని మెట్లు తమ్ముడూ?" అంది బూడిదమ్మ.

"ఐదు అక్కా. ఇంక భయం లేదు."

"బాగా చూశావా?"

"చూడ్డమేమిటి, బండ పక్కన కూచుని మరీ చూశాను. ఐదో మెట్టు మీద నాచు పట్టింది. ఓ కప్ప కూడా కూచుని ఉంది."

"రాయుడు గారూ, మీరు?"

"ఐదే."

"కప్ప మీక్కూడా కనిపించిందా?"

రాయుడు గుంటయ్య వైపు ఓసారి చూశాడు. "ఉండే ఉంటుంది. గుంటయ్య చెప్పాడుగా."

అప్పటికి తెల్లయ్య వచ్చాడు. ఈసారి మంద మధ్య వాలలేదు. దూరంగా ఇసుకలో దిగి, తల దించుకుని నడుచుకుంటూ వచ్చాడు.

"తాతా, ఎన్ని?"

"ఏం చెప్పనమ్మా. నాకు మెట్లే కనిపించలేదు. మూడుసార్లు చుట్టూ తిరిగాను. నున్నటి రాయేదో ఉన్నట్టుంది గానీ మెట్లు లేవు. నా కళ్ళు పూర్తిగా పోయినట్టున్నాయి. ఈ పని ఇంకెవరికైనా ఇవ్వండి. నా మూలంగా ఇంకో బిడ్డ కొట్టుకుపోకూడదు."

మందలో ఎవరో నవ్వారు. "ఇన్నాళ్ళకు ఒప్పుకున్నాడు" అంది ఓ కణితి. గుంటయ్య జాలిగా తల ఊపాడు. "పెద్దాయన్ని ఏమీ అనకండి. వయసు."

తన చూపునే అనుమానించుకున్నాడు గానీ, చూడనిది చూశానని మాత్రం అనలేదు ఈ ముసలివాడు. బూడిదమ్మ తల ఎత్తి రెండుసార్లు ఓండ్ర పెట్టింది.

మంద గొల్లుమంది. "ఇద్దరు ఐదన్నారు కదా అక్కా" అన్నాడు గుంటయ్య. "కట్టుబాటు నువ్వే తప్పితే ఎలా?"

"తప్పుతాను తమ్ముడూ, ఈ ఒక్క పూటకు. అందరూ నాతో బండ దాకా రండి. నువ్వు చెప్పిన కప్పను చూసొద్దాం."

"ఈ ఆకలి కడుపులతోనా? అంత దూరమా?"

"నువ్వు రోజూ నడిచే దూరమేగా."

అందరూ కదిలారు. వద్దనుకున్నా చుట్టూ మంద ఉండటంతో గుంటయ్యకూ నడవక తప్పలేదు. దారిలో ముళ్ళకంప దగ్గర రాయుడు ఆగి, పింఛం ఎటు తిప్పాలో తెలియక ఇబ్బంది పడ్డాడు. రోజూ వచ్చేవాడికి అక్కడ వంగి దూరాలని తెలిసి ఉండాలి. అది కనిపెట్టినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఏటి ఒడ్డున మంద నిలబడిపోయింది. చుక్కమ్మే అడిగింది. "ఇందులో ఐదో మెట్టు ఏది గుంటయ్యా?"

గుంటయ్య తడుముకోలేదు, అది మాత్రం మెచ్చుకోవాలి. "నేను చూసి వెళ్ళాక పడ్డట్టుంది. నా ఎదురుగానే ఊగుతోంది, చెబుదామనుకుంటూనే మరిచిపోయాను."

"మంచిది" అంది బూడిదమ్మ. "ఇందాకే పడితే ఈ బురద తడిగా ఉండాలి. కాలు పెట్టి చూడు."

గుంటయ్య కాలు పెట్టలేదు. చుక్కమ్మ పెట్టింది. ఎండిన పెళ్ళ పటుక్కున విరిగి నీళ్ళలో పడింది. చీమలు అప్పటికే ఆ నెర్రెల్లో బారులు తీరి ఉన్నాయి.

రాయుడు ముందు తట్టుకోలేకపోయాడు. "నేను వచ్చింది మొదటి మూడు రోజులే" అన్నాడు నేల చూపులు చూస్తూ. "తర్వాత గుంటయ్య నేరేడు చెట్టు దగ్గర ఆపి, నీకెందుకయ్యా ఈ ముళ్ళు, నేను చూసొచ్చాను, ఇంత అని చెప్పు అనేవాడు. అతను వెళ్తున్నాడనే అనుకున్నాను."

"నేను ఆకాశం చూసి చెప్పేవాణ్ణి" అన్నాడు గుంటయ్య. దాచి లాభం లేదని తెలిసిపోయింది. "ఇరవై రోజులు ఒక్క తప్పు రాలేదు."

"ఇరవై రోజులు వరద రాలేదు" అంది చుక్కమ్మ. ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే గుంటయ్యకు అంత కష్టంగా ఉండేది కాదేమో.

ఒకరిద్దరు కణుతులు కొమ్ములు వంచి ముందుకు వచ్చారు. బూడిదమ్మ అడ్డంగా నిలబడింది. "పొడిస్తే రేపు పొద్దున మనకు కబురు ఎవరు తెస్తారు? ముందు అది తేల్చుకుందాం" అంది. ఆమెను సలహా అడగనివాళ్ళంతా ఇప్పుడు చెవులు నిక్కించి విన్నారు.

కట్టుబాటు మళ్ళీ కొత్తగా కట్టింది ఆమె. బండకు బదులు అక్కడే అవతలి ఒడ్డున నిలబడి ఉన్న మద్దిచెట్టు వేళ్ళను గుర్తుగా పెట్టుకుని, నీటి పైన ఎన్ని కనిపిస్తున్నాయో లెక్కపెట్టాలి. వేగులు వేర్వేరు దారుల్లో వెళ్ళాలి. తన చెవిలో చెప్పేదాకా ఒకరి ముఖం ఒకరు చూడకూడదు. కనపడకపోతే కనపడలేదనే చెప్పాలి, అందుకు ఎవరినీ చూసి ఎవరూ నవ్వకూడదు. ఇవన్నీ కాక, ఏ రోజో చెప్పకుండా తాను కూడా ముందే వెళ్ళి చూసి వస్తుంది. ఆ రోజు ఏదో వేగులకు తెలియదు.

"నా సంగతి ఏమిటమ్మా?" అన్నాడు తెల్లయ్య.

"మీరే నా మొదటి వేగు తాతా. మీ తప్పు ఎప్పుడూ ఒకటే. మీరు చెప్పినదానికి నేను ఒకటి కలుపుకుంటాను. చాలు."

ముసలి కొంగ రెక్క విదిలించి, మద్దివేళ్ళు ఎక్కడున్నాయో దగ్గరగా చూసుకుందామని ఎగిరాడు.

గుంటయ్య స్థానంలో తీతువు పిట్ట చేరింది. రాయుణ్ణి ఉంచారు గానీ, పింఛానికి అంటిన బురదను ప్రతిరోజూ చుక్కమ్మకు చూపించాలి. అవతలి బీడులో మళ్ళీ మేత సాగింది. ఆ శ్రావణంలో ఏరు ఇంకో రెండుసార్లు పొంగింది. రెండుసార్లూ మంద ఇవతలి ఒడ్డునే నిలబడి చూసింది.

నాలుగు రోజులకే గుంటయ్య దిగి వచ్చాడు. రాలిన నేరేడు పండ్ల వాసన అతన్ని నిద్రపోనివ్వడం లేదు.

"అక్కా, ఇకనుంచి నిజంగానే వెళ్తాను. నన్ను మళ్ళీ పెట్టుకో."

"వెళ్ళు తమ్ముడూ. రోజూ వెళ్ళి, చూసొచ్చి నాకు చెప్పు. వింటాను. కాకపోతే కొన్నాళ్ళు నీ మాట పక్కన పెడతాను. మిగతావాళ్ళ మాటతోనూ, నేను చూసినదానితోనూ సరిపోతోందో లేదో చూసుకోవాలి కదా."

"మరి పండ్లు?"

"మాట ఖాయమయ్యాక."

గుంటయ్యకు వేరే దారి లేదు. రోజూ తెల్లవారుజామున లేచి, ముళ్ళకంపలో ఒళ్ళు గీరుకుంటూ, సాలెగూళ్ళు ముఖం నుంచి తుడుచుకుంటూ వెళ్ళి, ఉన్నది ఉన్నట్టు చెప్పి, నోరూరుతుందని నేరేడు చెట్టు వైపు చూడకుండానే ఉత్త నోటితో వెనక్కి పోయేవాడు. బూడిదమ్మ ప్రతిరోజూ శ్రద్ధగా విని తల ఊపేది. భాద్రపదం సగం గడిచాక ఒక పొద్దున ఆమె అంది. "నీ మాట నమ్ముతున్నాను గుంటయ్యా. నేటి నుంచి నువ్వూ వేగువే. వెళ్ళి పండ్లు తిను."

అతను ఒక్క గెంతులో నేరేడు చెట్టు కిందికి చేరాడు. చెట్టు మీద ఆకులు తప్ప ఏమీ లేవు. నేరేడు పండ్ల కాలం పోయి అప్పటికి పదిహేను రోజులైంది.

నీతి: ఇద్దరు ఒకే మాట చెప్పారని నమ్మకండి, ఆ ఇద్దరూ విడివిడిగా చూసి వచ్చారో లేదో ముందు తెలుసుకోండి.