తప్పంతా చేపలదే

విశాఖపట్నంలోని ఒక పరిశోధనశాలలో హైమవతి అనే శాస్త్రవేత్త ఉండేది. ఎంతో తెలివైనదే కానీ, తాను అనుకున్నది తప్పంటే మాత్రం ఒప్పుకునేది కాదు.

రక్తాన్ని తయారుచేసే జన్యువులు వాటంతట అవే పనిచేయవు. వాటిని నడిపించే మీటల్లాంటివి ఉంటాయి. తరతరాలుగా రక్తహీనత వస్తున్న ఒక కుటుంబంలో అలాంటి మీటలు రెండు మారిపోయి కనిపించాయి. జబ్బు తెస్తున్నది ఏదో తేలలేదు. "మొదటిదే!" అని హైమవతి పట్టుపట్టింది.

రుజువు కోసం ఆమె జీబ్రా చేపలను పెంచేది. చారల ఒళ్లున్న బుల్లి చేపలవి. వాటి పిల్లలు గాజులా ఉంటాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే లోపల పరుగెత్తే రక్తం కనిపిస్తుంది. హైమవతి చేపగుడ్లలో మొదటి మీటను పాడుచేసి, పిల్లల రక్తం పాలిపోతుందని ఎదురుచూసింది. అవి ఎర్రటి రక్తంతో హుషారుగా ఈదాయి.

"నీళ్లు బాగాలేవు," అని నీళ్లు మార్చింది. చేపపిల్లలు మళ్లీ ఎర్రగానే ఉన్నాయి. "గది మరీ చల్లగా ఉంది," అంది. వెచ్చబరిచినా అంతే. "ఈ గుడ్లే మంచివి కావు!" అని విసుక్కుంది.

పక్క బల్ల దగ్గర పనిచేసే కరీముల్లా నవ్వాడు. "తప్పంతా చేపలదేనా హైమా? ఒకసారి రెండో మీట కూడా చూడరాదూ?"

"నీ పని నువ్వు చూసుకో," అంది హైమవతి.

అంతలో ఆ కుటుంబానికి వైద్యం చేసే డాక్టరు సుదర్శనం, సన్యాసమ్మ అనే ఆ ఇంటి గర్భిణిని వెంటబెట్టుకొచ్చాడు. ఆమె చంకలో పాలిపోయిన కూతురు నిద్రపోతోంది.

"దీని జబ్బు తెలిసేసరికే ఆలస్యమైపోయిందమ్మా," అంది సన్యాసమ్మ. "పుట్టబోయే బిడ్డకైనా ముందే మందులు వేయించాలి. ఏ పరీక్ష చేయించమంటారు?"

"మీరు ఏ మీట అంటే ఆ పరీక్షే చేయిస్తాను," అన్నాడు డాక్టరు.

"మొదటిదే" అనబోయింది హైమవతి. కానీ ఎర్రటి రక్తంతో ఈదుతున్న చేపపిల్లలన్నీ కళ్ల ముందు మెదిలాయి. తన పంతం నెగ్గడానికి ఒక పసిబిడ్డ బలైతే?

"నేననుకున్నది తప్పేమో," అంది మెల్లగా. "కాస్త గడువివ్వండి. తేల్చి చెబుతాను."

వాళ్లు వెళ్లాక కరీముల్లా వైపు తిరిగింది. "రెండోది చూద్దాం. కొంచెం సాయం చేస్తావా?"

ఈసారి చేపపిల్లల రక్తం పాలిపోయింది. పాడైన మీటకు బదులు మంచిదాన్ని పెట్టిన గుడ్లలోంచి ఎర్రటి రక్తమున్న పిల్లలు వచ్చాయి. "ఇదే, ఇదే!" అంటూ హైమవతి చిన్నపిల్లలా గంతులేసింది.

సన్యాసమ్మకు కొడుకు పుట్టాడు. పుట్టగానే పరీక్ష చేయించారు. వాడిలో మొదటి మీట బాగానే ఉంది, మారింది రెండోదే. వెంటనే వైద్యం మొదలైంది. ఏడాది తిరిగేసరికి వాడు అమ్మతో వచ్చి పరిశోధనశాలంతా పాకుతూ, హైమవతి కళ్లజోడు లాగి నోట్లో పెట్టుకున్నాడు. పట్టుకోబోతే కిలకిలా నవ్వాడు.

మన ఊహకు నిజం ఎదురుతిరిగితే నిజం మీద కోప్పడకూడదు. మన ఊహనే మార్చుకోవాలి.