దాలమ్మ చుక్కాని

యుద్ధంలో రాజుగారి పడవకు చుక్కాని పట్టింది దాలమ్మ. ఆయనను ప్రాణాలతో ఒడ్డుకు చేర్చింది గానీ, తన కాలు మోకాలి కింద పోయింది. గాయపడ్డవాళ్లకిచ్చే నెత్తురు మాన్యం కింద ఆమెకు కాస్త భూమి ఇచ్చారు. కర్రకాలు కట్టుకుని మళ్లీ రేవులో పడవ నడుపుతానంటే, పడవవాళ్లను పరీక్షించే ఆస్థాన వైద్యుడు సోమయాజి నిండు కొలువులో అడ్డుపడ్డాడు.

"మాన్యం పుచ్చుకున్నావంటే పనికిరానిదానివని ఒప్పుకున్నట్టేగా. చుక్కాని కావాలంటే భూమి వదులు. అయినా ఆడదానివి, ఇంట్లో పడి ఉండక నీకీ యావేమిటే?"

"ఇంట్లో ఉంటే ఆ యుద్ధమే కళ్లముందు ఆడుతుందయ్యా. నీళ్ల మీదే కాస్త నిదానంగా ఉంటాను. ఒక్క మాట అడగనా?"

"అడుగు."

"ఆ పూటే బాణం తగిలి ప్రభువుల కన్ను పోయింది. ఆ కంటి పేరున వీర బిరుదు పుచ్చుకున్నారు. గాయానికి ప్రతిఫలం పుచ్చుకున్నవాళ్లు పనికిరారంటే, సింహాసనం దిగమని ప్రభువులకు తమరెప్పుడు చెబుతారు?"

రాజు మిగిలిన కంటితో ఆమెను చూశాడు.

"భూమీ ఉండనివ్వండి, పడవా ఇవ్వండి," అంటూ లేచాడు. "ఇక కొలువు చాలించండి."

బయట అదే యుద్ధంలో చేతులు, కాళ్లు పోయినవాళ్లు తమ మొర చెప్పుకోవాలని ఇంకా పిలుపు కోసం చూస్తున్నారు. భటులు వాళ్ల ముఖం మీదే తలుపులు వేశారు.