ఎవరూ లేని మలుపు

రామబ్రహ్మంగారిని ప్రశ్న అడగడం తేలిక, బదులు రాబట్టడమే కష్టం. చుట్టుపక్కల ఊళ్ళలో వేదాంత ప్రసంగాలు చేసే మనిషి, వేదిక ఎక్కితే ధారాళంగా మాట్లాడతారు. ఎవరైనా దగ్గరకొచ్చి తన సొంత బాధ చెప్పుకుని దారి చూపమంటే మాత్రం "చూద్దాంలే నాయనా" అని ఊరుకుంటారు. ఆ చూడటం ఎప్పుడో, ఎక్కడో ఆయనకే తెలియాలి. ఆయన్ని ప్రసంగాలకు తీసుకువెళ్ళే శిష్యుడు ఏడుకొండలు గుండ్లవాగు ఊళ్ళో కిరాయి కారు నడుపుకుంటాడు. గురువు దగ్గర కిరాయి పుచ్చుకోడు కానీ దారి పొడుగునా సందేహాలతో ఆయన ప్రాణం తీస్తాడు.

ఆ రోజు ప్రసంగం ముగించుకుని వస్తుంటే వేపచెట్ల నీడలో పోలీసులు వేగం కొలిచే స్పీడ్ గన్ పెట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళని దాటగానే ఏడుకొండలు, ఎదురుగా దూసుకొస్తున్న ఒక కారుకి లైట్లు వెలిగించి ఆర్పాడు. డ్రైవర్లు దీన్ని డిప్పరు కొట్టడం అంటారు. ముందు పోలీసులున్నారు, మెల్లగా పో అని దాని అర్థం. ఆ కారు చప్పున నెమ్మదించింది. లోపలి మనిషి చెయ్యెత్తి కృతజ్ఞత చెప్పి సాగిపోయాడు.

"చూశారా స్వామీ" అన్నాడు ఏడుకొండలు, కాస్త ఛాతీ పొంగించి. "వాడెవడో నాకు తెలవదు. మళ్ళీ కనపడేదీ లేదు. ఫలం ఆశించకుండా చేసేదే అసలైన కర్మ అని ఇందాకే కదా మీరు సెలవిచ్చారు. నేను రోజూ చేస్తానే ఉన్నాను. మరి నా మనసుకి శాంతి ఎందుకు లేదంటారు?"

ఎందుకు లేదో ఊరందరికీ తెలుసు. ఏడుకొండలు కూతురు భార్గవి తొమ్మిదో తరగతి. బడిలో ఇచ్చిన సైకిలు మీద, తోటి పిల్లలతో కలిసి రోజూ ఈ రోడ్డునే హైస్కూలుకి పోతుంది. కిందటేడు కల్వర్టు దగ్గర మలుపులో ఒక వ్యాను వాళ్ళలో ఒక పిల్లని గుద్దేసి ఆగకుండా పోయింది. ఆ పిల్ల ఇప్పటికీ కర్ర ఊతంతోనే నడుస్తోంది. ఊరంతా కదిలి స్టేషనుకి వెళ్ళి మొత్తుకుంటే వచ్చిందే ఈ స్పీడ్ గన్. ఆ రోజు స్టేషను ముందు అందరికంటే గట్టిగా అరిచినవాడు ఎవరనుకున్నారు? సాక్షాత్తూ మన ఏడుకొండలే! మొన్న భార్గవి మోచెయ్యి దోక్కుపోయి ఇంటికొచ్చింది. కుక్క అడ్డొచ్చిందని చెప్పింది. తల్లి నమ్మలేదు. పిల్లని బడి మాన్పించేద్దామని ఆమె, వద్దని ఇతను. వద్దన్న ప్రతిసారీ ఆ మలుపే ఇతని కళ్ళ ముందు మెదులుతుంది.

గురువు కిటికీలోంచి బయటికి చూస్తూ "రేపు పొద్దున బడి వేళకి బండి తీసుకురా. ఆ మలుపు దాకా పోయొద్దాం" అన్నారు.

మర్నాడు మలుపు దాటించి, కాస్త ముందుకి పోయాక రోడ్డు అంచుకి దింపి కారు ఆపించారు. ఎదురొచ్చే బండి ఏదైనా వీళ్ళని దాటుకునే మలుపులోకి పోవాలి.

"వచ్చే ప్రతి బండికీ లైటు కొట్టు" అన్నారు.

"ఇవాళ పోలీసులు లేరు కదండీ."

"ఉన్నారని నేనన్నానా? కొట్టు."

ఏడుకొండలు కొట్టాడు. లారీ నెమ్మదించింది. దాని వెనక బస్సు నెమ్మదించింది. మోటారు సైకిలు మీద గాల్లో తేలివస్తున్న కుర్రాడు హ్యాండిలుకున్న హెల్మెట్టు తీసి నెత్తిన పెట్టుకున్నాడు. అందరూ బుద్ధిమంతుల్లా మలుపులోకి పోతున్నారు. అంతలో గుండ్లవాగు పిల్లలు సైకిళ్ళ మీద మలుపు తిరిగి వస్తూ అద్దంలో కనపడ్డారు. మామూలు రోజుల్లో మలుపుని అడ్డంగా కోసుకొచ్చే బళ్ళ హారను వినపడగానే వాళ్ళు సైకిళ్ళతో సహా కంకరలోకి దిగిపోతారు. ఇవాళ ఒక్కరూ దిగలేదు. భార్గవి ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుని రెండో చెయ్యి గాల్లో తిప్పుతూ ఏదో చెప్పి నవ్వుతోంది. కూతురు సైకిలు తొక్కుతూ నవ్వడం ఏడుకొండలు అంతకుముందు చూడలేదు. చూసేంత మెల్లగా అతనెప్పుడూ ఈ మలుపు తిరగలేదు.

నెమ్మదిగా దాటిపోయిన తెల్లకారు ఒకటి కాసేపటికి వెనక్కి తిరిగొచ్చి పక్కన ఆగింది. ఇస్త్రీ చొక్కా మనిషి అద్దం దించాడు.

"ఏందయ్యా, ఆటలుగా ఉందా? పోలీసులున్నారనుకుని నత్తలాగా పాక్కుంటా పోయాను. అక్కడ ఎవరూ లేరు!"

ఏడుకొండలుకి తప్పయిందండీ అనే మాట నోటిదాకా వచ్చింది. ఈలోగా గురువు నెమ్మదిగా అడిగారు. "ఎవరూ లేరా నాయనా?"

"ఎవరున్నారండీ? నాలుగు సైకిళ్ళు తప్పితే రోడ్డంతా ఖాళీ."

ఆ మాట ఏడుకొండలుకి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. మాట ఆ పెద్దమనిషిది కాదు, తనదే. వేపచెట్ల కింద పోలీసులు లేని రోజున సాటి డ్రైవర్లకి ఫోను చేసి 'ఎవరూ లేరు, రోడ్డు ఖాళీ, లాగించెయ్' అని చెప్పేది తనే. నిన్న చెయ్యెత్తి పోయినవాడు గన్ దాటగానే మళ్ళీ ఊపందుకునే ఉంటాడు. ఊపందుకున్నది ఈ మలుపు వైపుకే. ఏడుకొండలు కారు దిగాడు.

"ఆ సైకిళ్ళ కోసమే లైటు కొట్టానండీ. అందులో ఒకతె మా అమ్మాయి."

"అంత భయమున్నోడివి పిల్లని ఇంట్లో పెట్టుకో."

"పెట్టుకోను" అన్నాడు ఏడుకొండలు. "అది బడికి పోద్ది. ఈ రోడ్డునే పోద్ది. రేపూ నేనిక్కడే ఉంటాను, రేపూ మీకు లైటు కొడతాను. తిడితే తిట్టండి."

ఆ మనిషి ఏదో గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఏడుకొండలు వచ్చి సీట్లో కూర్చున్నాడు. "కొన్నాళ్ళకి అందరికీ తెలిసిపోద్ది స్వామీ, ఇక్కడ పోలీసులు ఉండరని. అప్పుడు నా లైటుకి ఎవరూ ఆగరు" అన్నాడు. గురువు బడి దాకా పోనివ్వమన్నారు.

అప్పటికి తక్కిన పిల్లలందరూ ముందుకి వెళ్ళిపోయారు. భార్గవి ఒక్కతే వెనకబడింది. గొలుసు ఊడితే ఎక్కించుకుని, నూనె చేతులు గడ్డికి తుడుచుకుని, వీళ్ళని చూడకుండానే దాటిపోయింది. ఏడుకొండలు బండి రోడ్డెక్కించాడు. అలవాటు కొద్దీ చెయ్యి హారను మీదికి పోయింది. మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. సైకిలుకి తగినంత ఎడంగా ఉండి, సైకిలు ఎంత వేగంతో పోతే తనూ అంతే వేగంతో పోతున్నాడు. కాసేపట్లో వెనక ఒక బస్సు వచ్చి తగులుకుంది. ఎదర నుంచి వరసగా బళ్ళు వస్తుండటంతో దాటిపోయే వీల్లేదు. డ్రైవరు చెవులు చిల్లులు పడేలా హారను మోగించాడు, తల బయటపెట్టి తిట్టాడు. అయినా ఏడుకొండలు పక్కకి తప్పుకోలేదు, వేగం పెంచలేదు.

"వెనక బస్సువాడు చంపుతున్నాడు స్వామీ" అన్నాడు, దారి మీదనుంచి చూపు తిప్పకుండా.

రామబ్రహ్మంగారు సీటుకి చేరబడి కళ్ళు మూసుకున్నారు.

"మోగించనీ. వాడికి సైకిలు కనపడదు, నువ్వు కనపడుతున్నావు."