మాబున్ని ఆకులో మలీద

ప్రతి గురువారం మాబున్ని ఆకులోంచి ఒక మలీద ముద్ద మాయమవుతోంది. అదెలా పోతోందో దస్తగిరికి అంతుబట్టలేదు.

కొండకింది దర్గాలో ఒక ముసలి ఫకీరు ఉండేవాడు. ఊరంతా ఆయన్ను తాత అనేది. ఆయన శిష్యుడు దస్తగిరి అక్కడ పిల్లలకు చదువు చెప్పేవాడు. గురువారం చదువయ్యాక పిల్లలకు తలా రెండు మలీద ముద్దలు ఆకుల్లో పెట్టేవాళ్లు. రొట్టె నలిపి, బెల్లమూ నెయ్యీ కలిపి కట్టిన ముద్దలు. తినేముందు అందరూ చేతులు పైకెత్తి, కళ్లు మూసుకుని దేవుణ్ని తలుచుకుంటూ దువా చేయాలి. కళ్లు తెరిచేసరికి ఆరేళ్ల మాబున్ని ఆకులో ఒకటే మిగిలేది.

దస్తగిరి ముందు పిల్లిని అనుమానించాడు. తర్వాత ఉడుతను. ఆఖరికి, పాపం, మాబున్నినే. ఇలా కాదని ఒక గురువారం దేవుడికి ముందే క్షమాపణ చెప్పుకుని, దువా మధ్యలో ఒక కన్ను తెరిచాడు.

పన్నెండేళ్ల జాఫర్ చెయ్యి తాపీగా మాబున్ని ఆకులోకి వెళ్లి వచ్చింది. అంతకన్నా వింత ఏమిటంటే, పిల్లలందరి కళ్లూ తెరిచే ఉన్నాయి. ఇన్నాళ్లూ కళ్లు మూసుకున్నది తనూ, తాతా మాత్రమే. తాత కూడా నిజంగానే మూసుకున్నాడా? అదో కొత్త అనుమానం.

జాఫర్‌ను నిలదీశాడు.

"ఆ పిల్లే ఇచ్చిందన్నా. కావాలంటే అడుగు."

మాబున్ని నేల చూస్తూ తలూపింది.

ఆ తలూపడాన్నీ దస్తగిరి నమ్మలేదు. పిల్లల్ని కూర్చోబెట్టి, చేతులు తిప్పుతూ, సింహాన్ని ఎదిరించిన మేకపిల్ల కథ చెప్పాడు. సింహంలా గర్జించాడు కూడా. పిల్లలు పడీపడీ నవ్వారు. పై గురువారం ముద్ద మాత్రం మళ్లీ పోయింది.

"నేనింక రానన్నా," అంది మాబున్ని, వెళ్తూ వెళ్తూ.

దస్తగిరి తాత దగ్గరికి పరిగెత్తాడు. "పిరికి మంద తాతా! ఎంత చెప్పినా ఒక్కరికీ నోరు పెగలదు."

"నీకైతే పెగులుతుందా?"

"ఎందుకు పెగలదు!"

తాత గడ్డం నిమురుకుంటూ నవ్వాడు. ఆ నవ్వెందుకో దస్తగిరికి నచ్చలేదు.

"ఆ బిడ్డను ఇంకో మూడు వారాలు రమ్మను," అన్నాడు తాత. "తర్వాత దాని ఇష్టం."

మరుసటి గురువారం తాత వచ్చి దస్తగిరి పక్కనే చతికిలబడ్డాడు. దువా మొదలైంది. దస్తగిరి ఒంటికన్నుతో జాఫర్‌ను కాపలా కాస్తుంటే, తన ఆకులోకే ఒక చెయ్యి వచ్చింది. ముడతల చెయ్యి. వేలికి నీలిరాయి ఉంగరం. ముద్ద తీసుకుని వెళ్లిపోయింది.

తాత చెయ్యే. ఆకలేసిందేమో. పెద్దతనం, చాదస్తమేమో. గురువును ఎలా అడుగుతాం?

రెండో గురువారం రెండు ముద్దలూ పోయాయి. జాఫర్ కిసుక్కున నవ్వాడు. మాబున్ని మాత్రం నవ్వలేదు. దస్తగిరి ఖాళీ ఆకునూ, వంచిన తలనూ అలాగే చూస్తూ ఉండిపోయింది.

మూడో గురువారం ఉంగరం చెయ్యి మళ్లీ కదిలింది. దస్తగిరి కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"తాతా!"

మాబున్ని గొంతు. వణుకుతోంది. కానీ వినబడింది.

"అది దస్తగిరన్నది. ఆడ పెట్టెయ్."

తాత చెయ్యి ఆగింది. ముద్ద మళ్లీ ఆకులోకి చేరింది.

"అట్నేలేమ్మా," అన్నాడు తాత బుద్ధిగా.

మాబున్ని ఊపిరి పీల్చుకుని పక్కకు తిరిగింది. "జాఫరన్నా, నాదీ పెట్టెయ్."

"ఏయ్, నువ్వే కదే ఇచ్చింది?"

"నేనియ్యలే."

"అది ఇయ్యలేదు, మేం చూసినాం," అని వెనకనుంచి ఇంకో గొంతు. "పెట్టెయ్," అని మరొకటి. తర్వాత ఎన్ని గొంతులో లెక్కలేదు. జాఫర్ చెవులు ఎర్రబడ్డాయి. ముద్ద పెట్టేశాడు. తాత తన ఆకు జాఫర్ ముందుకు జరిపి, "తిను నాయనా," అన్నాడు.

పై గురువారం మాబున్ని అందరికన్నా ముందే వచ్చి కూర్చుంది.

దువా మధ్యలో నీలిరాయి ఉంగరం మళ్లీ దస్తగిరి ఆకు వైపు వచ్చింది. ఈసారి దస్తగిరి కళ్లు మూసుకోలేదు.

"తాతా... అది నాది. పెట్టేయండి."

అతని గొంతూ వణికింది.

తాత చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"హమ్మయ్య! ఇప్పుడు చెప్పరా, నీ మేకపిల్ల కథ."